పెదవి ముందు, పాట వెనక: అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే నిజంగానే పాడిందా?

ప్రశ్న అడిగినవారు: సుబేదారి పంతులు (హన్మకొండ)

సభ్యులందరికీ నమస్కారం. పాశ్చాత్య సంగీతంలో నాకు ప్రవేశం లేదు. హన్మకొండలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక, పద్యంలో గణం తప్పితే పట్టుకోగలను గాని పాటలో శ్రుతి తప్పితే పట్టుకోగలనని చెప్పుకోను. అయినా ఒక సందేహం నెల రోజులుగా నన్ను వదలడం లేదు. పాటలూ వేదికలూ తెలిసినవారు ఇక్కడ ఉన్నారని మా అమ్మాయి చెబితే రాస్తున్నాను.

2025 జనవరి 26న అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లండు బృందం చేసిన కచేరీకి వెళ్లాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి, తన స్నేహితురాలు ఆఖరి నిమిషంలో రానని చెప్పడంతో, అంత కష్టపడి సంపాదించిన టికెట్టు మురిగిపోనివ్వడం ఇష్టం లేక నన్ను బయలుదేరదీసింది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, బల్లార్షా, భుసావల్, సూరత్ మీదుగా ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం చేశాము. మాకు దొరికిన చోటు వేదికకు సరిగ్గా ఎదురుగా, మైదానానికి అవతలి చివర, పై అంతస్తులో ఉంది. చేయి చాచి చూస్తే పాడేవాళ్లు నా చిటికెన వేలి గోరంత కనిపించారు. అందువల్ల రెండు గంటలసేపూ నేను చూసింది మనుషులను కాదు, వాళ్ల వెనక నిలబెట్టిన పెద్ద తెరలను.

ఆ ఆర్భాటం గురించి కూడా చెప్పాలి. లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి చేతికీ ఒక తెల్లటి పట్టీ ఇచ్చారు. పాట మొదలు కాగానే లక్షకు పైగా చేతుల మీద అవన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి, మరుక్షణం నీలిరంగుకు తిరిగాయి, ఆ తరువాత మైదానం ఒక మూల నుంచి మరో మూలకు గాలికి వరిచేను వంగినట్లుగా రంగు పారింది. పైనుంచి రంగు కాగితపు ముక్కలు కురిశాయి, జనం తలల మీద పెద్ద పెద్ద బుడగలు దొర్లాయి. ఒక పాటలో వాళ్లు గ్రహాంతరవాసుల తలకాయల వంటి బొమ్మలను తగిలించుకుని వచ్చారు. గణతంత్ర దినోత్సవం కనుక గాయకుడు క్రిస్ మార్టిన్ వందేమాతరం ఎత్తుకున్నప్పుడు నా ఒళ్లు కూడా జలదరించిందని ఒప్పుకుంటాను.

నా సందేహం ఇది. తెర మీద ఆయన పెదవి కదిలిన తరువాత గాని పాట నా చెవికి చేరలేదు. డప్పరి కర్ర కిందికి దిగి మళ్లీ పైకి లేచాక గాని దెబ్బ వినిపించలేదు. కచేరీ పొడుగునా ఇదే వరస. పైగా ఒక పాటను మధ్యలో ఆపి, అందరూ సెల్‌ఫోన్లు జేబులో పెట్టుకోండి, మళ్లీ మొదటి నుంచి పాడుకుందాం అన్నాడు. ఎంత సహజంగా అడిగాడో అని నేను మురిసిపోతుండగా, ఆయన ప్రతి ఊళ్లోనూ ఆ పాట దగ్గరే ఆపుతాడని మా అమ్మాయి చెప్పింది. ఇక బొమ్మ తలలు పెట్టుకుని పాడినప్పుడు ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చినట్లు?

దానికి రెండు వారాల ముందు, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు విన్నాను. కొట్టేవాడు నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. వాడి భుజం కదలడమూ నా గుండె అదరడమూ ఒక్కసారే జరిగాయి. దాని తరువాత ఇది చూస్తే, ఇన్ని వేల రూపాయలు పోసి రికార్డు విని వచ్చామా అనిపించింది. ఈ రంగులూ బుడగలూ అన్నీ ఆ సంగతిని కప్పిపుచ్చడానికేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: మైక్‌సెట్ కరీంనగర్

పంతులుగారికి నమస్కారం. ఇరవై రెండేళ్లుగా మైక్‌సెట్ పని మీదే బతుకుతున్నవాడిని. పెళ్లి బరాత్‌ల నుంచి పెద్ద బహిరంగ సభల దాకా బాక్సులు మోశాను, మోయించాను. మీ సందేహంలో మూడు విడి విడి సంగతులు కలిసిపోయాయి కనుక విడదీసి చెబుతాను.

ముందుగా పెదవి సంగతి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. వెలుతురుకు ఆ దూరం లెక్కలోకే రాదు. మీరు వేదికకు 150 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకుంటే, వేదిక దగ్గరి బాక్సులో పలికిన మాట మీ చెవికి చేరడానికి సెకనులో ఇంచుమించు సగం పడుతుంది. తెర మీది బొమ్మ మాత్రం అంతకన్నా చాలా ముందే మీ కంటికి చేరుతుంది. సగం సెకను అంటే చిన్నదేమీ కాదు. ఒక మోస్తరు పాటలో ఆ వ్యవధికి రెండు మూడు అక్షరాలు పడతాయి, అంటే గాయకుడు పదం ముగిస్తూ ఉండగా మీకు ఆ పదం మొదలవుతుంది. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. ఆయన టేపు వేసి పెదవులు మాత్రమే ఆడించి ఉన్నా మీకు ఇదే ఆలస్యం, ఇంతే ఆలస్యం కనిపించేది. కనుక ఆ తేడా ఆయన పాడాడని గాని పాడలేదని గాని సాక్ష్యం చెప్పదు, మీరు ఎంత దూరంలో కూర్చున్నారో మాత్రమే చెబుతుంది.

అంత దూరానికి వేదిక మీది బాక్సులు ఒక్కటే చాలవు. ముందు వరుసలవారి చెవులు పగలకుండా వెనక వరుసకు మాట వినిపించాలంటే, మైదానం మధ్యలో స్తంభాలు నిలబెట్టి వాటికి మరికొన్ని బాక్సులు కడతారు. వీటిని మేము డిలే టవర్లు అంటాము. తీగలో విద్యుత్తు క్షణంలో పోతుంది కనుక, ఏమీ చేయకుండా వదిలేస్తే మధ్య స్తంభంలో మాట ముందు పలుకుతుంది, వేదిక మీది అసలు మాట వెనక నుంచి నింపాదిగా నడిచి వస్తుంది. వినేవారికి ఒక్క మాట రెండు మాటలవుతుంది. అందుకని స్తంభానికి వెళ్లే శబ్దాన్ని, వేదిక నుంచి గాలిలో వచ్చే శబ్దం అక్కడికి చేరేదాకా కావాలనే ఆపుతాము. 100 మీటర్లకు సుమారు 290 మిల్లీసెకన్లు. దాని మీద మరో పది పదిహేను మిల్లీసెకన్లు కలుపుతాము, ఎందుకంటే మన చెవి ముందుగా చేరిన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తే పాట ఆ దిక్కు నుంచే వస్తోందని నమ్ముతుంది. హెల్మట్ హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1949లో తేల్చిన సంగతి ఇది. పక్కనున్న స్తంభమే గట్టిగా వాయిస్తున్నా, పాట వేదిక మీది నుంచే వచ్చినట్లు మీకు అనిపించడానికి కారణం అదే.

ఇది నాకు పుస్తకం చదివితే వచ్చిన తెలివి కాదు. పని కొత్తలో, సద్దుల బతుకమ్మ రాత్రి ఒక పెద్ద మైదానంలో వెనకవైపు నాలుగు బాక్సులు ఊరికే తీగ లాగి పెట్టేశాను. డిలే అనే మాట అప్పటికి నాకు తెలియదు. ముందు నిలబడి పాడే అమ్మ ఉయ్యాలో అంటే వెనక ఆడేవారికి ఉయ్యాలో ఉయ్యాలో అని రెండుసార్లు వినిపించింది. ఏ ఉయ్యాలోకు చప్పట్లు కొట్టాలో తెలియక వెనక వలయం మొత్తం తాళం తప్పింది. కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, ఒక్క పాట వినిపించమంటే రెండు పాటలు వినిపిస్తున్నావేమయ్యా, డబ్బులు కూడా రెండింతలు అడుగుతావా అన్నాడు. ఆ రాత్రి వెనక బాక్సులు పీకేసి ముందు బాక్సుల మీదే నడిపించాను, చివరలో ఉన్నవారికి ఏమీ వినపడలేదు.

ఇక రెండో సంగతి, టేపు. ఇక్కడ మీ అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఇంత పెద్ద ప్రదర్శనల్లో డప్పరి చెవిలో ఒక టిక్కు టిక్కు శబ్దం నడుస్తూ ఉంటుంది. దీపాలు, తెర మీది బొమ్మలు, బాణసంచా, మీ చేతి పట్టీలు అన్నీ ఆ లెక్కకే కట్టుబడి ఉంటాయి. వేదిక మీద కనిపించని వయొలిన్లూ బృందగానమూ కంప్యూటరులో నుంచి వస్తాయి. ఇది రహస్యమేమీ కాదు, ఇప్పుడు మన దగ్గర ఆర్కెస్ట్రా పార్టీలు కూడా అదే చేస్తున్నాయి. కాని ప్రధాన గొంతు వేరు. ఆ రాత్రి బుమ్రా ప్రేక్షకుల్లో ఉంటే తెర మీద చూపించి, ఇంగ్లండు వికెట్లు ఎన్ని పడగొట్టావయ్యా అని ఆయన మీద అప్పటికప్పుడు అల్లి పాడారు గదా. దానికి టేపు ఎక్కడ దొరుకుతుంది? పరుగెత్తి వచ్చి పాడినప్పుడు చరణం చివర ఊపిరి తెగడం కూడా మీరు విని ఉంటారు. టేపు ఆయాసపడదు.

మూడోది బొమ్మ తలకాయలు. అంత బుర్ర తగిలించుకుంటే నోటి ముందు మైకు నిలపడం కష్టం, కనుక అప్పుడు మీరు విన్నది ముందే పట్టిన గొంతు కావచ్చునని నా అనుభవం చెబుతుంది. కాని అక్కడ పాడుతున్నట్లు పెదవి ఆడించి మిమ్మల్ని నమ్మించినవారు ఎవరూ లేరు. బొమ్మ ఆడింది, మీరు బొమ్మాట చూశారు.

జవాబు 2: గోదావరిఖని రికార్డుల పెట్టె

మైక్‌సెట్ గారు లెక్క తేల్చేశారు కనుక నేను పెదవి మోసం అంటే నిజంగా ఎలా ఉంటుందో చెబుతాను. సింగరేణిలో పని చేసే రోజుల్లో, రాత్రి షిఫ్టు దిగి వచ్చాక క్వార్టర్లో మేము వినేది బోనీ ఎం అనే పాప్ బృందం క్యాసెట్లే. తరువాత ఎప్పుడో వీడియో క్యాసెట్‌లో వాళ్ల ఆట చూసి నోరు తెరిచాము. ముగ్గురు ఆడవాళ్లు మెరుపు బట్టల్లో నిలబడి పాడుతుంటే, బాబీ ఫారెల్ అనే ఆయన ఛాతీ కనిపించే చొక్కా వేసుకుని, బొంగరం తిరిగినట్లు తిరుగుతూ, బావి అడుగు నుంచి వచ్చినట్లున్న ఆ మంద్రస్వరంలో పలికేవాడు. అంత సన్నటి మనిషికి అంత లావు గొంతు ఎలా వచ్చిందని మా షిఫ్టులో పందేలు కూడా వేసుకున్నారు.

చివరకు తేలిందేమంటే, రికార్డుల్లో ఆ గొంతు ఆయనది కాదు. బృందాన్ని తయారు చేసిన జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ స్టూడియోలో తనే పాడి, ఆట మాత్రం ఫారెల్ చేత ఆడించాడు. ముగ్గురు ఆడవాళ్లలో ఒకరైన మేజీ విలియమ్స్ గొంతు కూడా ఆ రికార్డుల్లో లేదు. నాకు దీని మీద కోపం రాలేదు. మా అందరినీ మంచం మీది నుంచి లేపింది ఫారెల్ ఆటే గాని ఫారియన్ గొంతు ఒక్కటే కాదు. 1978 డిసెంబరులో వాళ్లు మాస్కోలో పాడటానికి వెళ్లినప్పుడు, ఒకప్పటి రష్యా రాజకుటుంబానికి దగ్గరైన సాధువు రస్పుటిన్ మీది పాటను అక్కడ పాడనివ్వలేదు. ఆ పాటకు ప్రాణం పోసిన ఫారెల్ 2010 డిసెంబరు 30న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హోటల్ గదిలో చనిపోయాడు. రస్పుటిన్ హత్య జరిగింది కూడా ఆ నగరంలోనే, 1916లో అదే తేదీన. కథల్లో రాస్తే అతుకుల బొంత అంటారు.

అదే ఫారియన్ పదేళ్ల తరువాత మిల్లీ వనిల్లీ అని ఇంకో ఇద్దరిని తెచ్చాడు. పొడుగు జుట్టు, భుజాలు పెంచిన కోట్లు, చూడ చక్కని కుర్రాళ్లు. రికార్డుల్లో ఒక్క మాట కూడా వాళ్లది కాదు. 1989 జులైలో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ప్రదర్శనలో టేపు ఇరుక్కుని, ఒకే ముక్క మళ్లీ మళ్లీ పలుకుతూ పోయింది. కాసేపు దానికి తగ్గట్టే పెదవులు ఆడించి, ఆపై ఒకతను వేదిక దిగి పరుగెత్తాడు. అయినా మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వాళ్లకు గ్రామీ పురస్కారం ఇచ్చారు, నవంబరులో ఫారియన్ అసలు సంగతి ఒప్పుకున్నాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. లోకం తిట్టింది ఆ ఇద్దరు కుర్రాళ్లను. పాట అమ్ముకున్న పెద్దమనిషి మాత్రం స్టూడియో తలుపు వేసుకుని పని చేసుకుంటూ పోయాడు. నాకు కోపం వచ్చేది అక్కడ.

కనుక పంతులుగారూ, మీరు చూసినది ఆ జాతిది కాదు. వెనక వాయిద్యాలు కంప్యూటరులో నుంచి వచ్చినా, బుమ్రా మీద అప్పటికప్పుడు అల్లి పాడగలిగినవాడి గొంతు టేపులో ఇరుక్కునేది కాదు.

జవాబు 3: జనగామ జానపద విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. నేను ఒగ్గు కథ మీద పరిశోధన చేస్తున్నాను. పంతులుగారు ఐనవోలు జాతరను తక్కెడలో ఒకవైపు, అహ్మదాబాద్ కచేరీని ఇంకోవైపు పెట్టిన తీరుతో నాకు సగమే అంగీకారం ఉంది.

ప్రతి ఊళ్లోనూ ఒకే చోట పాట ఆపడం కృతకమని మీకు అనిపించింది. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు మల్లన్న పెళ్లి దగ్గరికి రాగానే పక్కనున్న వంతపాటగాడు అడ్డం పడి, పెళ్లి సరే, కట్నమెంత అని అడుగుతాడు. కథకుడు విసుక్కుంటాడు, జనం నవ్వుతారు. నేను ఒకే బృందం వెంట ఐదు ఊళ్లు తిరిగాను. ఐదు ఊళ్లలోనూ అదే చోట, అదే ప్రశ్న, అదే విసుగు. మూడో ఊళ్లో నేను వాళ్ల కంటే ముందే నవ్వేశాను. అయినా ఆ ఊరివాళ్లకు అది ఆ రాత్రే పుట్టిన హాస్యం. మీ పక్కన అమ్మాయి కూర్చుని రహస్యం చెప్పకపోతే మీకు కూడా క్రిస్ మార్టిన్ ఆపడం అలాగే ఉండేది.

రంగులు కప్పిపుచ్చడానికేనా అన్నారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. 2005లో కన్నుమూశారు. చిందు భాగవతంలో మగ వేషాలు కట్టి ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టిన మనిషి. ఆ వేషాలకు ముఖాన అర్దళమనే పసుపు రంగు పూసుకుంటారు, కర్రతో చేసి అద్దాలు తాపిన కిరీటాలూ భుజకీర్తులూ కట్టుకుంటారు. దివిటీల వెలుతురులో చివర కూర్చున్న ముసలమ్మకు కూడా వచ్చింది రాజు అని తెలియాలి కనుక అంత ధగధగ. స్టేడియంలో మనిషి చిటికెన వేలి గోరంత అయిపోయినప్పుడు వేషం లక్ష చేతులకు పాకవలసి వచ్చింది, అంతే తేడా. కోల్డ్‌ప్లే ఈ పట్టీలను 2012 నాటి యాత్ర నుంచీ వాడుతోంది. ఇప్పటివి మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేసినవి. కచేరీ తరువాత వెనక్కి తీసుకుని, శుభ్రం చేసి, మళ్లీ ఇంకో ఊళ్లో ఇస్తారు. మల్లన్న జాతరల్లో వేసే పెద్ద ముగ్గు, మన పెద్దపట్నం కూడా రంగు పొడులతో గంటల తరబడి వేసి, చివరకు దాన్ని తొక్కడంతోనే పూర్తవుతుంది. ఆ రంగు కాగితాలు కురిసి కాళ్ల కింద నలగడం మీకు కొత్తగా ఎందుకు అనిపించిందో నాకు అర్థం కాలేదు.

సగం అంగీకారం ఎక్కడంటే, మైక్‌సెట్ గారు చెప్పిన ఆ టిక్కు టిక్కు దగ్గర. ఒగ్గు బృందం జనం కళ్లలోకి చూస్తూ కథ నడుపుతుంది. బండారి, అంటే పసుపు, చల్లుకుని పూనకం వచ్చిన శివసత్తి ఊగడం మొదలైతే డోలు ఆగదు, ఆమె చల్లబడేదాకా అదే దరువు పావుగంటైనా తిరుగుతుంది. నిద్ర వస్తున్నట్లు కనిపిస్తే ఒక ఘట్టాన్ని మింగేసి ముందుకు దూకుతారు. చెవిలో గడియారం పెట్టుకున్న డప్పరికి పాట మధ్యలో ఆ స్వేచ్ఛ ఉండదు. దీపాలన్నీ ఆ లెక్కలో ఉన్నాయి కనుక జనం ఎంత ఊగినా చరణం పెరగదు. ఆపి మళ్లీ మొదలుపెట్టడానికీ, రెండు పాటల నడుమ మాట్లాడటానికీ మాత్రమే వీలు. మీకు ఐనవోలులో దొరికి అహ్మదాబాద్‌లో దొరకనిది అదేనేమో చూడండి. అది పెదవికీ పాటకూ మధ్యనున్న సగం సెకను కాదు.

జవాబు 4: మంచిర్యాల ముందువరుస

నేను జనవరి 19న నవీ ముంబైలో డీవై పాటిల్ స్టేడియంలో చూశాను. కింద నేల మీద, వేదికకు పాతిక మీటర్ల దూరంలో నిలబడ్డాను. పెదవీ పాటా చక్కగా కలిశాయి, ఆయన మెడ మీద చెమట కూడా కనిపించింది. కాని మీరు రాసిన గాలికి వంగిన వరిచేను నాకు కనపడలేదు. నా చుట్టూ కనిపించింది పది పదిహేను చేతులు మాత్రమే, మిగతాదంతా ఇంటికి వచ్చాక వీడియోల్లో చూసుకున్నాను. మధ్యాహ్నం నుంచి నిలబడి కాళ్లు వాచాయి, డప్పు దెబ్బకు రెండు రోజులు చెవుల్లో హోరు తగ్గలేదు. ఈసారి వెళ్లేవారు చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలో రబ్బరు బిరడాలో తీసుకెళ్లండి. పాట బాగా వినాలనుకుంటే శబ్దం కలిపే మిక్సర్ బల్ల ఎక్కడుందో చూసుకుని దాని దరిదాపుల్లో టికెట్టు తీసుకోండి. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు తన చెవికి బాగుండేటట్లే కదా కలుపుతాడు.

జవాబు 5: పంతులుగారి అమ్మాయి

నాన్నా, మీరు రాయకుండా వదిలేసిన సంగతులు రెండున్నాయి. బుమ్రా తెర మీద కనపడగానే లేచి నిలబడి ఈల వేసింది మీరే, మీకు ఈల వేయడం వచ్చని నాకు ఇరవై ఏడేళ్లలో తెలియదు. బయటికి వస్తూ చేతి పట్టీ తిరిగి ఇవ్వమంటే, వెలుగుతోంది కదమ్మా, కాసేపు ఉండనీ అన్నది కూడా మీరే.

మైక్‌సెట్ అంకుల్‌కు ఒక ప్రశ్న. చివర్లో వాళ్లు ప్రధాన వేదిక వదిలి, మైదానం వెనకవైపు ఉన్న చిన్న వేదిక మీదికి వచ్చి కొన్ని పాటలు పాడారు. అప్పుడు మాకు చాలా దగ్గరగా, మామూలు కంటికే ముఖం తెలిసేటంత దగ్గరగా ఉన్నారు. అయినా పెదవి ముందు, పాట వెనకే. దూరం తగ్గితే తేడా కూడా తగ్గాలి కదా?

జవాబు 6: మైక్‌సెట్ కరీంనగర్

మంచి ప్రశ్న అడిగావమ్మా. మనిషి నడిచి వచ్చాడు, బాక్సులు రాలేదు. ఆయన మైకులో పలికిన మాట ముందు మిక్సర్‌కు పోతుంది, అక్కడి నుంచి ఎప్పటిలాగే ప్రధాన వేదిక మీద వేలాడే బాక్సులకూ, ఆలస్యం కట్టిన స్తంభాలకూ పోతుంది. మీ దగ్గరున్న స్తంభానికి మేము కట్టిన ఆలస్యం పెద్ద వేదిక దూరానికి లెక్క వేసినది. గాయకుడు మీ కాళ్ల దగ్గరికి వచ్చాడని ఆ లెక్క తనంతట తాను మారదు. కొన్ని చోట్ల ఆ పాటల కోసం లెక్క మార్చి పెడతారు, చాలా చోట్ల అలాగే వదిలేస్తారు. మైదానం మధ్య వేదిక మీద నుంచి మాట్లాడే మన నాయకులు తమ మాట తమకే వెనక్కి వచ్చి తడబడటం చూసే ఉంటావు. పాడేవాళ్లు ఆ చిక్కు లేకుండా చెవిలోనే చిన్న స్పీకరు పెట్టుకుంటారు. బయట వచ్చే పాటను వాళ్లు లెక్కలోకి తీసుకుంటే రెండో పాదంలోనే తాళం తప్పుతుంది.

ఇంకొక మాట. చలి రాత్రి గాలి చల్లబడితే శబ్దం నడక కూడా కొంచెం మందగిస్తుంది. ఒక్కో డిగ్రీకి సెకనుకు ఇంచుమించు 0.6 మీటర్ల తేడా. ఎండలో కట్టిన లెక్కను రాత్రి మళ్లీ సరిచూసుకునేవాడే మంచి ఆపరేటర్.

ప్రశ్న అడిగినవారి జవాబు: సుబేదారి పంతులు (హన్మకొండ)

అందరికీ కృతజ్ఞతలు. ఈల సంగతి ఇక్కడ బయటపెట్టవలసిన అవసరం లేదమ్మా.

మైక్‌సెట్ గారి మాటను ఊరికే నమ్మడం ఇష్టం లేక ఈ ఉదయం నడకకు వెళ్లినప్పుడు ఆర్ట్స్ కాలేజీ మైదానంలో పరీక్షించి చూశాను. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నేను గోడ దగ్గర నిలబడ్డాను, బ్యాటు పట్టినవాడు నాకు 100 మీటర్లకు పైగానే దూరంలో ఉన్నాడు. బంతి బ్యాటుకు తగిలి, పైకి లేచిన తరువాత గాని టక్కుమని వినిపించలేదు. ఇన్నేళ్లుగా ఆ గోడ పక్కనే నడుస్తూ ఒక్కనాడూ దీన్ని గమనించలేదు. ఆ కుర్రాడు టేపు వేసుకుని ఆడుతున్నాడని అనుమానించే వీలు కూడా లేదు కనుక పెదవి విషయంలో నా అభియోగం వెనక్కి తీసుకుంటున్నాను.

జనగామ విద్యార్థినికి మాత్రం ఒక మాట. పెద్దపట్నంతో పోలిక నాకు నచ్చలేదు. పట్నం వేసేది దేవుడి కోసం, తొక్కేది మొక్కు కోసం, ఆ కాగితపు ముక్కలకు మొక్కేమిటి? దీని మీద మీతో వాదించడానికి నాకు ఇంకా ఓపిక ఉంది. కాని చరణం పెరగదన్న మాట మాత్రం సరిగ్గా నా మనసులోని ముల్లును పట్టుకున్నది. వందేమాతరం అన్నప్పుడు లక్షమందీ ఇంకొక్కసారి అనాలని చూశారు, దీపాలు మాత్రం తమ లెక్క ప్రకారం తరువాతి పాటకు వెళ్లిపోయాయి.

మైక్‌సెట్ గారూ, రేపు ఉదయం అదే గోడ దగ్గర నిలబడి సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తాను. వికెట్ దాకా అడుగులతో కొలిచి దూరం కూడా రాస్తాను. బ్యాటు తగలడానికీ టక్కు వినపడటానికీ మధ్య ఎంత వచ్చిందో మీరు చూసి, నా అడుగుల లెక్క సరిపోయిందో లేదో చెప్పాలి.